జ్వరం వచ్చిన రోజు ఏ మాత్ర ఆపాలి? కీళ్లవాతానికీ ఇన్‌ఫెక్షన్‌కీ మధ్య చిక్కుముడి

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవాళ్ల మందుల డబ్బా తెరిస్తే మామూలుగా నాలుగు స్ట్రిప్పులు కనిపిస్తాయి. వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్, దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్, రాత్రి అన్నం తిన్నాక హైడ్రాక్సీక్లోరోక్విన్, పొద్దున టిఫిన్ తర్వాత చిన్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఒళ్లు బాగున్నంతకాలం ఈ నాలుగింటికీ పేచీ లేదు. జ్వరం 101 దాటిన రోజున మాత్రం నాలుగింటికీ నాలుగు దారులు. మెథోట్రెక్సేట్ ఆపాలి. ప్రెడ్నిసొలోన్ ఆపకూడదు, ఒక్కోసారి పెంచాలి కూడా. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానాల్సిన పని లేదు. ఫోలిక్ యాసిడ్ వల్ల హాని లేదు.

ఇళ్లలో జరిగేది తలకిందులుగా ఉంటుంది. "స్టెరాయిడ్ కదా, జ్వరంలో ఎందుకు" అని ప్రెడ్నిసొలోన్ మానేస్తారు. "వారం మాత్ర తప్పకూడదన్నారు" అని మెథోట్రెక్సేట్ మాత్రం వేసుకుంటారు. ఆసుపత్రిలో చేరేదాకా వెళ్లే కేసుల్లో కొన్నిటికి మూలం ఈ తారుమారే.

చెన్నై చుట్టుపక్కల తెలుగువాళ్లకు దీనికి ఇంకో మెలిక ఉంది. సూళ్లూరుపేటలోనో గూడూరులోనో ఉండేవాళ్లు లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి, మూడు నెలలకోసారి రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టరుకు, చూపించుకుని వెళ్తారు. జ్వరం వచ్చినప్పుడు చూసేది ఊళ్లో ఆర్‌ఎంపీ, లేదా మందుల షాపు అబ్బాయి. నగరంలోనే ఉన్నా పెద్ద తేడా ఉండదు: జ్వరం చూసేది వీధి చివరి క్లినిక్కు, కీళ్లు చూసేది వేరే డాక్టరు. ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. ఇన్‌ఫెక్షన్ దూరేది ఆ సందులోనే.

క్రిమి వల్లే ఈ జబ్బు వచ్చిందా?

ఒకప్పటి వైద్యులు అవుననే గట్టిగా నమ్మారు. ఫ్రాన్స్‌లో జాక్ ఫొరెస్టియే 1929లో కీళ్లవాతానికి బంగారు లవణాల ఇంజెక్షన్లు ఇచ్చాడు. బంగారం క్షయ క్రిమిని అణుస్తుందని అప్పట్లో నమ్మకం, ఇదీ క్షయలాంటిదేనని ఊహ. స్వీడన్‌లో నానా స్వార్ట్జ్ అనే వైద్యురాలు సల్ఫా మందునూ ఆస్పిరిన్ జాతి మందునూ ఒకే అణువుగా అతికించి సల్ఫాసలజీన్ తయారు చేయించింది. క్రిమినీ నొప్పినీ ఒకే దెబ్బకు కొట్టాలని ఆమె ఆలోచన. హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబంలోది. ఊహలు తప్పాయి, మందులు మాత్రం పనిచేశాయి. వాటిలో రెండు ఇవాళ్టికీ చీటీల్లో ఉన్నాయి.

ఇప్పుడు తెలిసింది ఇంకాస్త మెలికగా ఉంది. రుమటాయిడ్ అంటువ్యాధి కాదు, యాంటీబయాటిక్‌తో పోయేదీ కాదు. అలాగని క్రిముల ప్రమేయం లేదనీ కాదు. చిగుళ్ల జబ్బు తెచ్చే పార్ఫిరోమొనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర ఒక విచిత్రమైన ఎంజైమ్ ఉంది. అది ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే ముక్కను సిట్రులిన్‌గా మార్చేస్తుంది. అలా మారిన మన సొంత ప్రొటీన్‌ను మన రక్షణ వ్యవస్థే గుర్తుపట్టక "ఇదెవరు?" అని ప్రతిదేహాలు తయారుచేస్తుంది. యాంటీ సీసీపీ అని రక్తపరీక్ష రాసేది వీటి కోసమే. హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలు ఉన్నవాళ్లలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లోనూ ఇదే మార్పు నడుస్తుంది. కీలు వాయడానికి కొన్నేళ్ల ముందే ఈ ప్రతిదేహాలు రక్తంలో కనిపించవచ్చు. అంటే గొడవ నోట్లోనో ఊపిరితిత్తుల్లోనో మొదలై, చాలాకాలం తర్వాత వేళ్ల కణుపుల్లో బయటపడుతుందన్నమాట.

అందుకే బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేవాళ్లు దంతవైద్యుణ్ని కలవడం కీళ్ల వైద్యంలో భాగమే. చిగుళ్లు శుభ్రం చేయించుకుంటే జబ్బు మాయం కాదు. కానీ ఒంట్లో రగులుతున్న నిప్పుల్లో ఒకటి తగ్గుతుంది. చేతివేళ్లు వంకరపోయినవాళ్లు సన్నటి బ్రష్ పట్టుకోలేరు. పిడికి సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడిగితే పట్టు దొరుకుతుంది.

చికున్‌గున్యా వేషం

క్రిమి నిజంగానే కీళ్లు వాయించి, రుమటాయిడ్‌లా నటించే సందర్భం మన దగ్గర చికున్‌గున్యా. ఇది 1964లో మద్రాసును ఒకసారి కుదిపింది, 2005-06లో మళ్లీ వచ్చి ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో వీధివీధినా మంచాన పడేసింది. జ్వరం వారంలో పోతుంది, మణికట్లు, వేళ్లు, చీలమండలు మాత్రం నెలల తరబడి వాచే ఉంటాయి. పొద్దున బిగుసుకుపోవడం, రెండు వైపులా సమానంగా నొప్పి, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ రక్తపరీక్ష పెరగడం, అన్నీ అచ్చం రుమటాయిడ్ తీరే.

తేడా పట్టించేది యాంటీ సీసీపీ. చికున్‌గున్యాలో అది సాధారణంగా నెగెటివ్. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఆర్‌ఏ ఫ్యాక్టర్) అనే ఇంకో రక్తపరీక్షను మాత్రం నమ్మడానికి లేదు. హెపటైటిస్ సీ, టీబీ, కుష్ఠు, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, వీటన్నిటిలోనూ అది పాజిటివ్ రావచ్చు. 'ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్' అన్న ఒక్క ముక్క పట్టుకుని ఏళ్లపాటు మెథోట్రెక్సేట్ మింగేవాళ్లు ఉన్నారు. ఆ కాగితం ఒక్కటే ఉంటే, చేతిలోని చీటీని ఇంకొకసారి ప్రశ్నించడంలో తప్పు లేదు.

జబ్బే గోడకు కన్నం వేస్తుంది

ఇక రెండో దిక్కు. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు మిగతావాళ్లకంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. "మందుల వల్లే" అని అందరూ అనుకుంటారు. సగం నిజమే. ఈ జబ్బులో తెల్లకణాలు వయసుకు మించి ముసలివై, కొత్త క్రిమిని చూసినా చురుగ్గా కదలవు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పడటం, శ్వాసనాళాలు వెడల్పై కఫం నిలవడం కూడా జబ్బు చేసే పనే. కాబట్టి "ఇన్‌ఫెక్షన్ వస్తుందేమో" అని మందులు మానేసి జబ్బును రగలనివ్వడం ఎదురుదెబ్బ.

మందుల్లో అన్నిటికంటే పెద్ద దోషి ఖరీదైన ఇంజెక్షన్ కాదు, రూపాయల్లో దొరికే స్టెరాయిడ్. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. రోజుకు 5 మిల్లీగ్రాములు చిన్న మోతాదే అయినా, ఏళ్లపాటు వాడితే దానికీ లెక్క ఉంటుంది. ఇది చీటీ మీద ఉన్న స్టెరాయిడ్ సంగతి. చీటీ మీద లేనిది ఇంకా ప్రమాదం. 'నొప్పుల పొడి' అని సంచిలో కట్టి ఇచ్చే నాటుమందుల్లో, షాపులో కలగలిపి పొట్లం కట్టే మాత్రల్లో డెక్సామెథసోన్ లేదా బీటామెథసోన్ దూరి ఉండటం కొత్త కాదు. రెండు రోజుల్లో నొప్పంతా ఎగిరిపోయి, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బితే అది మూలిక మహిమ కాదని గ్రహించాలి.

స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: చెప్పుల్లేకుండా పొలంలో, తడి మట్టిలో తిరిగే అలవాటు ఉందా? స్ట్రాంజిలాయిడ్స్ అనే సన్నటి పురుగు అరికాలి చర్మం గుండా దూరి, పేగుల్లో దశాబ్దాలు సద్దు లేకుండా బతకగలదు. పెద్ద మోతాదు స్టెరాయిడ్ పడగానే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువగా ఉంటే డాక్టరుకు ఈ మాట చెప్పండి. ఐవర్‌మెక్టిన్‌తో పోయే బెడద అది.

టీబీ గోడ, దాని సిమెంటు

మన దేశంలో ఈ చిక్కుముడికి నడుమ ఉన్నది క్షయ. టీబీ క్రిమి ఊపిరితిత్తిలోకి దిగితే తెల్లకణాలు చుట్టుముట్టి గూడులా గోడ కట్టేస్తాయి. క్రిమి చావదు, బయటికీ రాదు. ఆ గోడకు సిమెంటు టీఎన్‌ఎఫ్ అనే రసాయనం. కీళ్లను వాయించేదీ అదే టీఎన్‌ఎఫ్. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిమ్యుమాబ్ ఇంజెక్షన్లు కీలు కోసం దాన్ని లాగేస్తే ఊపిరితిత్తిలో గోడ కూలుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 70 టీబీ కేసులను విశ్లేషించిన నివేదిక 2001లో వచ్చింది. సగానికి పైగా కేసుల్లో టీబీ ఊపిరితిత్తులను దాటి బయట కూడా కనిపించింది. చాలామందికి మొదటి మూడు నెలల్లోనే బయటపడింది. ఊపిరితిత్తులు దాటిన టీబీలో దగ్గు లేకపోవచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ, కడుపులో నీరు, ఇలా ఏ రూపంలోనైనా రావచ్చు. అదే కుటుంబంలోని ఎటనర్‌సెప్ట్‌తో ఈ ప్రమాదం వాటికంటే తక్కువ.

ఈ ఇంజెక్షన్లకు ముందు మూడు చూడాలి: ఛాతీ ఎక్స్‌రే, మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్న చరిత్ర. మాంటూలో చేతికి వేసిన సూదిని 48 నుంచి 72 గంటల తర్వాత చూడాలి. కొలవాల్సింది ఎర్రటి మచ్చను కాదు, వేలికి గట్టిగా తగిలే బుడిపెను. రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లకు 5 మిల్లీమీటర్లే పాజిటివ్. గూడూరు నుంచి వచ్చినవాళ్లు సూది వేయించుకుని వెళ్లిపోతే రెండు రోజుల తర్వాత చూసేవాళ్లుండరు. అలాంటివాళ్లకు ఒకే రక్తం తీతతో అయ్యే ఇగ్రా మేలు, చిన్నప్పటి బీసీజీ వల్ల అది తప్పుదారి పట్టదు. ఇప్పటికే స్టెరాయిడ్ మీద ఉంటే రెండు పరీక్షలూ తప్పుగా నెగెటివ్ చూపవచ్చు కాబట్టి ఎక్స్‌రే వదలకూడదు.

దాగున్న టీబీ తేలితే భయపడాల్సింది లేదు. ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు రోజూ 6 నుంచి 9 నెలలు, చేతులు తిమ్మిరెక్కకుండా పైరిడాక్సిన్‌తో కలిపి ఇస్తారు. లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి 12 మోతాదులు. కనీసం నెల రోజులు ఇది నడిచాక ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఇందులో రెండు బెడదలున్నాయి. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికే వాడే లెఫ్లునమైడ్ మూడూ లివర్ మీదే పడతాయి, కాబట్టి లివర్ పరీక్ష వరుసగా చేయించాలి. రిఫాంపిసిన్ జాతి మందులు (రిఫాపెంటిన్ వాటిలోదే) ప్రెడ్నిసొలోన్‌నూ, కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్ మాత్రనూ ఒంట్లో త్వరగా కరిగించేస్తాయి. "టీబీ మాత్ర మొదలెట్టాక నొప్పులు ఎక్కువయ్యాయి" అనే ఫిర్యాదు వెనుక ఉన్నది తరచూ ఇదే.

క్షయకు ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో, ఉన్నంత ఫలితం వస్తుందని ప్రపంచానికి చూపించింది మద్రాసే. 1956లో మొదలైన ఆ కేంద్రం ఇప్పటికీ చెట్‌పేటలో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉంది. అలాంటి ఊళ్లోనే టీబీ పరీక్ష లేకుండా టోఫాసిటినిబ్ రాసేస్తున్నారంటే ఆశ్చర్యమే. జనరిక్ వచ్చి ధర పడిపోయాక, ఇది సూది కాదు మాత్రే కదా అన్న చులకన వచ్చింది. దానికీ టీబీ పరీక్ష కావాలి, హెపటైటిస్ బీ పరీక్ష కూడా కావాలి. కీళ్లవాతానికి ఇచ్చే మరో ఇంజెక్షన్ రిటుక్సిమాబ్‌కైతే హెపటైటిస్ బీలో హెచ్‌బీఎస్ ఏజీ ఒక్కటే చాలదు, పాత ఇన్‌ఫెక్షన్ ఆనవాలు పట్టే కోర్ ప్రతిదేహం పరీక్ష కూడా తప్పనిసరి.

తిరగబెట్టిందా, చీము పట్టిందా?

కీలు వాచి వేడెక్కితే రోగికైనా డాక్టరుకైనా మొదట తోచేది "జబ్బు తిరగబెట్టింది" అనే. అదే ఉచ్చు. జబ్బు తిరగబెడితే సాధారణంగా రెండు చేతులూ, చాలా కీళ్లూ, కొన్ని రోజులుగా మెల్లగా పెరుగుతాయి. ఒక్క మోకాలే ఉన్నట్టుండి ఉబ్బి, పాదం నేల మీద ఆనించలేకపోతే, చలితో వణుకు వస్తే, అది చీము పట్టిన కీలు అయ్యుండవచ్చు. ఎక్కువసార్లు స్టఫిలోకాకస్ ఆరియస్ చేసే పని అది. రోజుల్లోనే మృదులాస్థి కరిగిపోతుంది. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు జ్వరమే రాకపోవచ్చు, అందుకని "జ్వరం లేదుగా" అన్న ధీమా పనికిరాదు. రుమటాయిడ్ ఒక్కటే 101 డిగ్రీల జ్వరం తేవడం మాత్రం అరుదు. వస్తే ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో వెతకాల్సిందే.

తేల్చేది ఒకటే: యాంటీబయాటిక్ వేయకముందే కీలులో నీరు సూదితో తీసి పరీక్షకు పంపడం. ఘనపు మిల్లీమీటరుకు 50,000 తెల్లకణాలు దాటితే అనుమానం బలపడుతుంది. అంతకంటే తక్కువున్నా తోసిపుచ్చడానికి లేదు. కల్చర్ ఫలితం వచ్చాకే తుదిమాట. ఈ పని చేయకుండా "వాపు తగ్గుతుంది" అని అదే కీలులో స్టెరాయిడ్ సూది వేస్తే నిప్పు మీద దుప్పటి కప్పినట్టే.

రక్తపరీక్షలూ మోసం చేస్తాయి. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రెండింటిలోనూ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ లేకపోయినా స్టెరాయిడ్ తెల్లకణాలను పెంచుతుంది. టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ వాడేవాళ్లలో పరిస్థితి తలకిందులు. సీఆర్‌పీ తయారవ్వాలని లివర్‌కు చెప్పే ఐఎల్-6 మాటనే ఆ మందు నొక్కేస్తుంది. లోపల న్యుమోనియా ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండవచ్చు. ఎమర్జెన్సీలో ఆ కాగితం చూసి ఇంటికి పంపేయకుండా, ఏ ఇంజెక్షన్ మీద ఉన్నారో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

జ్వరం రోజు లెక్క

యాంటీబయాటిక్ అవసరమయ్యే ఇన్‌ఫెక్షన్ అయితే మెథోట్రెక్సేట్ ఆపుతారు, కోర్సు పూర్తయి మనిషి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడతారు. ఒకటి రెండు వారాలు తప్పినంత మాత్రాన జబ్బు సాధారణంగా తిరగబెట్టదు. మామూలు జలుబుకు ఆపక్కర్లేదు. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మాత్రం ఆపాలి. అది బయటికి పోయే దారి కిడ్నీ, కిడ్నీ మందగిస్తే మందు రక్తంలో పేరుకుపోతుంది. టోఫాసిటినిబ్ ఆపుతారు, ఇంజెక్షన్లు వాయిదా వేస్తారు. లెఫ్లునమైడ్ ఆపినా వారాలపాటు ఒంట్లోనే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ తీవ్రమైతే కొలెస్టిరమైన్ పొడితో కడిగేయాల్సి వస్తుంది. సల్ఫాసలజీన్ మొదలెట్టిన తొలి మూడు నెలల్లో గొంతు నొప్పితో జ్వరం వస్తే, మాత్ర ఆపి అదే రోజు తెల్లకణాల లెక్క చూడాలి.

ప్రెడ్నిసొలోన్ సంగతి వేరు. నెల పైగా రోజూ 5 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో వాడితే కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథులు సొంత హార్మోన్ తయారీ తగ్గించేసి ఉంటాయి. జ్వరంలో ఒంటికి కావాల్సింది అదే. ఆ సమయంలో మాత్ర ఆపితే బీపీ పడిపోయి, కళ్లు తిరిగి, వాంతులై, సెలైన్ ఎక్కించినా తేరుకోరు. 5 మిల్లీగ్రాములు వాడేవారికి జ్వరం రోజుల్లో సాధారణంగా పొద్దున 5, సాయంత్రం 5 చేస్తారు. ఇప్పటికే 10 దాటినవారికి అదే కొనసాగిస్తే తరచూ సరిపోతుంది. మాత్ర కడుపులో నిలవకుండా వాంతి అవుతుంటే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ 100 మిల్లీగ్రాములు కావాలి, అంటే ఆసుపత్రికే వెళ్లాలి. ఈ లెక్కను బాగున్నప్పుడే మీ డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. జ్వరంలో ఫోన్ ఎత్తకపోతే చేతిలో కాగితమైనా ఉంటుంది.

మూత్రంలో మంటకు షాపులో ఇచ్చే కోట్రైమాక్సజోల్‌ను, అంటే సెప్ట్రాన్, బ్యాక్ట్రిమ్ పేర్లతో వచ్చేదాన్ని, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ముట్టుకోకూడదు. రెండూ ఫోలేట్ మీదే దెబ్బ కొడతాయి. మూలుగ పనిచేయడం మానేసి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కలిసి పడిపోతాయి. నోట్లో పుండ్లు దాని మొదటి గుర్తు. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే వచ్చేదీ ఇదే ఆపద. చెన్నై షాపుల్లో కవరు మీద తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో రాస్తారు, చదవలేనివాళ్లు రోజూ వేసేసుకుంటారు. స్ట్రిప్ మీద పెన్నుతో 'మంగళవారం మాత్రమే' అని తెలుగులో రాసుకోవడం పావు నిమిషం పని. డెంగీ రోజుల్లోనూ ఇదే జాగ్రత్త: ప్లేట్‌లెట్లు పడేది దోమ వల్లా, మాత్ర వల్లా తెలియని స్థితి రాకుండా వారం మాత్ర ఆపి, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వదిలేసి, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి.

అక్కి, టీకాలు

మన ఊళ్లలో సర్పి అనీ చెన్నైలో అక్కి అనీ పిలిచే నీటిపొక్కుల పట్టీ టోఫాసిటినిబ్ వాడేవాళ్లలో ఎక్కువ. నడుముకో ఛాతీకో ఒక్క వైపే మంటతో మొదలవుతుంది. ఇక్కడ దాని మీద కావి మట్టితో బొమ్మ వేయించే ఆచారం ఉంది. బొమ్మ వేయించుకుంటే వేయించుకోండి, కానీ పొక్కులు కనబడ్డ 72 గంటల్లోపు వాలాసైక్లోవిర్ పడాలి. రోజుకు మూడుసార్లు ఒక్కో గ్రాము చొప్పున 7 రోజులు, కిడ్నీ బాగుంటే. ఆలస్యమైతే పొక్కులు మానినా నరాల మంట నెలలు పీడిస్తుంది. జీవక్రిమి లేని షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, రెండు మోతాదులు. ధర మాత్రం చురుక్కుమంటుంది.

ఫ్లూ టీకా ఏటా కావాలి. చెన్నైలో ఫ్లూ ఈశాన్య రుతుపవనాల వానలతో వస్తుంది కాబట్టి సెప్టెంబరులోపు వేయించుకోవడం తెలివి. జబ్బు అదుపులో ఉంటే ఆ టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే ప్రతిదేహాలు బాగా తయారవుతాయి. న్యుమోనియా టీకాల్లో పీసీవీ20 ఒక్కటైనా, లేదా పీసీవీ13 తర్వాత కనీసం 8 వారాలకు పీపీఎస్‌వీ23 అయినా. రిటుక్సిమాబ్ తీసుకునేవాళ్లు తర్వాతి మోతాదుకు కాస్త ముందు టీకా వేయించుకుని, ఆపై కనీసం రెండు వారాలు ఆగాలి, లేకపోతే సూది వృథా. ముక్కులో వేసే ఫ్లూ టీకా, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా వంటి జీవక్రిమి టీకాలను బయోలాజిక్‌లు (పైన చెప్పిన ఖరీదైన ఇంజెక్షన్లు), టోఫాసిటినిబ్ నడుస్తుండగా వేయకూడదు.

చివరగా జేబులో పెట్టుకునే కాగితం. ఒక వైపు తెలుగులో, ఇంకో వైపు ఇంగ్లిష్‌లో, ఆరు లైన్లు చాలు: జబ్బు పేరు, వారం మాత్ర ఏ రోజు, స్టెరాయిడ్ మోతాదు, చివరి ఇంజెక్షన్ తేదీ, 'కోట్రైమాక్సజోల్ వద్దు', రుమటాలజిస్టు నంబరు. ఆర్‌ఎంపీ అయినా, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ డాక్టరయినా, దాన్ని చదవడానికి పట్టేది అర నిమిషం.